పేజీకి ముప్ఫై మంది

మా బడి గుమస్తాగారు పోయారు. మంగళవారం పొద్దున్న పాత విద్యార్థుల సంఘం వాట్సాప్ గ్రూపులో, ఎవరి మనవడిదో బారసాల ఫోటోలకీ ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ మధ్యలో వచ్చింది ఆ కబురు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, ఫోను బోర్లించి, చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆ బాలుర హైస్కూల్లోనే చదువుకుని, ఆ హైస్కూల్లోనే సోషలు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. నాకు తెలిసినంతకాలం వరండా చివరి గది ఆయనది. తెల్లదొరల కాలం నుంచి బళ్ళో చేరిన ప్రతి పిల్లవాడి వివరమూ రాసిన అడ్మిషను రిజిస్టర్లు ఆ గదిలో ఉండేవి. అన్నిటికన్నా పాతది తెరిస్తే బల్లంతా ఆక్రమించేది. పేజీకి ముప్ఫై పేర్లు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ, చివర బడి మానడానికి కారణం.

ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆయన రోజూ వచ్చేవారు. ఆ స్థానంలో ఎవర్నీ వెయ్యలేదు మరి. జీతం లేని కొలువు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు బీరువా తీసేవారు. పేజీ వేలితో తిప్పనిచ్చేవారు కాదు. నున్నగా గీకిన కొబ్బరీనె ఒకటి ఆయన జేబులో ఉండేది. దాన్ని పేజీ కిందకి పోనిచ్చి, దోసె తిరగేసినంత ఒడుపుగా తిప్పేవారు. వానలు వెనకబట్టాక ఒక్కో రిజిస్టరూ వరండాలోకి తెచ్చి, నీరెండలో పెట్టి, పక్కనే పీట వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేవారు. మేం టీచర్లం ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. వడియాలకి కాపలా కాస్తున్నారని నేనే అన్నాను ఒకసారి. ఆయనా నవ్వారు.

"పేరొచ్చినవాళ్ళ సంగతి ఊరంతా చెప్తారండీ మేష్టారూ. మానేసినవాళ్ళ సంగతి ఈ పుస్తకమొక్కటే చెప్తాది" అనేవారు.

కాట్రేనికోన వైపు నుంచి ఒకాయన వచ్చిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే కుటుంబం. తండ్రి మన బళ్ళో చదివినట్టు ఏదైనా ఆధారం ఉందేమోనని అడిగాడు. గుమస్తాగారు రెండు గంటలు వెతికి, ఆ పేరు పట్టుకున్నారు. కారణం దగ్గర 'తండ్రితో వేటకు పోవుచున్నాడు' అని ఉంది. "మా నాన్న బడికెళ్ళేనని చెప్తే ఇంట్లో అందరం ఎగతాళి చేసేవోళ్ళవండీ" అంటూ అతను ఆ వరస మీద వేలు పెట్టి, చివరిదాకా నిమిరాడు. పేజీ మీద ఎవరి వేలూ పడనివ్వని మనిషి ఆ రోజు మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయారు.

తరవాత బడికి నూరేళ్ళ పండగ వచ్చింది. సంఘంవాళ్ళు సంచిక వేస్తామన్నారు, దానికి నన్ను సంపాదకుణ్ణి చేశారు. బడి చరిత్ర రాయడానికి ఆ పాత రిజిస్టరు ఇంటికి కావాలన్నాను. హెడ్మాస్టరు తీసుకెళ్ళినా సంతకం పెట్టించుకునే మనిషాయన. నేను పెన్ను తీస్తే, "మీ దగ్గర సంతకమేంటండీ" అని, రిజిస్టరు పాత పంచెలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చారు. కొబ్బరీనె కూడా ఇచ్చారు. నెల తిరక్కుండా తెచ్చిస్తానన్నాను. "ఆయ్, అలాగేనండీ" అన్నారు.

నేను దాన్ని సంఘం కార్యదర్శిగారికి చూపించాను. పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళ పేర్లూ, పేరున్న కుటుంబాల పేర్లూ ఏ పేజీలో ఉన్నాయో కాగితాలు అడ్డం పెట్టి మరీ చూపించాను. అక్కడే ఆయనకి ఆలోచన వచ్చింది. సభలో ఆ కుటుంబాలకి సన్మానం చేస్తాం కదా, ఎవరి పేరున్న పేజీ వాళ్ళకి ఫ్రేము కట్టించి ఇద్దామన్నారు.

"జిరాక్సులు తీయిద్దామండీ" అన్నాను.

"జిరాక్సుకి విలువేముందండీ మేష్టారూ? శాలువాలు బీరువాల్లో మగ్గిపోతాయి. ఇదైతే తరతరాలు గోడ మీద ఉంటాది" అన్నారాయన.

నేను మళ్ళీ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదంటే, సభలో మైకు నా చేతికిస్తున్నారు. అంతకన్నా గొప్ప కారణమేదైనా ఉంటే బావుండునని ఈ నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను. లేదు. ప్రెస్సులో కుట్టు విప్పి, కావలసిన పేజీలు తీసుకున్నారు. మిగతావి తరవాత అడుగుదామనుకున్నాను. అడిగేటప్పటికి కత్తిరింపు ముక్కలతో పాటు తూకానికి వెళ్ళిపోయాయి. నూరేళ్ళు చెదపురుగు ముట్టని పుస్తకాన్ని చదువుకున్నవాళ్ళం వారంలో తినేశాం.

సభ రోజున గుమస్తాగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, వెనక వరసలో కూర్చున్నారు. వేదిక మీదికి ఒక్కో కుటుంబాన్నీ పిలుస్తున్నది నేనే. బంగారు రంగు ఫ్రేములో పేజీ, వాళ్ళ పెద్దాయన పేరు మీద పసుపు గీత. చప్పట్లు కొట్టమని మైకులో అన్నదీ నేనే. మూడో ఫ్రేము ఇస్తున్నప్పుడు వెనక్కి చూశాను. ఆయన లేచి నిలబడి ఉన్నారు. బాగా కనబడక లేచారనుకున్నారో ఏమో, ఎవరో కుర్చీ ముందుకి జరిపారు.

సభయ్యాక గేటు దగ్గర నా కోసం ఆగారు. కోపంగా లేరు. కోప్పడితే నాకూ ఓ దారి దొరికేది.

"పేజీకి ముప్ఫై మంది ఉంటారు కదండీ" అన్నారు. "ఒకళ్ళని వాళ్ళింటికి పంపేరు. మిగతా ఇరవై తొమ్మిది మందినీ ఎవరింటికి పంపేరండీ?"

చుట్టూ జనం, నా మెడలో దండ.

ఆరు నెలల తరవాత తనిఖీ వచ్చింది. పాత రిజిస్టరేదని అడిగారు. తాళాలు గుమస్తాగారి దగ్గర ఉంటాయి, ఇచ్చినట్టు ఎక్కడా సంతకం లేదు. సంఘం సమావేశంలో కార్యదర్శిగారు, "పేజీలు తీసుకుని మిగతా పుస్తకం ఇచ్చేశాం కదండీ. పెద్దాయనకి మతిమరుపు, ఎక్కడ పెట్టేరో ఏంటో" అన్నారు. ఆ మాటంటూ కార్యదర్శిగారు నా వైపు చూడను కూడా లేదు. నోరెత్తనని నా మీద అంత నమ్మకం. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. గదికి తాళం పడింది. ఇక బడికి రావద్దని గుమస్తాగారితో చెప్పారు. నలభై ఏళ్ళకి పైగా కాపాడిన చేతులకి పోగొట్టినవాడన్న పేరు అంటించి పంపాం.

ఆ తరవాత బజార్లో ఎదురుపడినా ఆయన ఎప్పటిలాగే "బావున్నారా మేష్టారూ" అనేవారు. నేను కూరల సంచీ చేయి మార్చుకుని, ఎండ గురించి ఏదో అనేవాణ్ణి. నా పేరు ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబుతారేమోనని నాలుగేళ్ళు భయపడ్డాను. పోయారని తెలిసినప్పుడు కుర్చీలోంచి లేవలేకపోయానన్నాను కదా, అది అంతా దుఃఖమే కాదు. ముందు కాస్త తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. సంతాపసభలో ఆయన బడికి ఊపిరి అన్నారు కార్యదర్శిగారు. ఆత్మీయుణ్ణి కదా అని నన్ను మాట్లాడమన్నారు. ఆ లోటు పూడ్చలేనిదని చెప్పి కూర్చున్నాను.

పదకొండో రోజున గుమస్తాగారింటికి వెళ్ళాను. ఆయన భార్యని నేను అక్కగారూ అంటాను. ఆవిడ ఒక కాగితం, ఒక లాంగు నోటుబుక్కు తెచ్చి ఇచ్చారు. కాగితం హెడ్మాస్టరుగారికి ఆయన ఇచ్చిన సంజాయిషీ నకలు. 'రిజిస్టరు నా అజాగ్రత్త వలన పోయినది. ఇందులో ఇతరుల ప్రమేయము లేదు.'

"మీరే చెప్తారని ఎదురు చూసేరండీ ఆయన" అన్నారు అక్కగారు. "మేష్టారు చెప్పుకుంటేనే బావుంటాది, మనం చెప్పకూడదనేవారు."

నోటుబుక్కు సంగతి కూడా ఆవిడే చెప్పారు. ఫ్రేములు వెళ్ళిన ఇళ్ళు వాకబు చేసుకుని, బస్సుల మీద రాజోలు, కొత్తపేట, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్ళి, పేజీలు తిరిగి అడక్కుండా, గోడ మీదవి చూసి రాసుకుంటానని బతిమాలుకునేవారట. ఆయన చివరిసారి వెళ్ళి రాసుకున్న ఇంటికి నిన్న వెళ్ళాను. పెద్ద హాలు, సోఫాల పైన ఫ్రేము. ఇంటాయన నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టారు.

"దీని కోసం ఇదివరకో పెద్దాయన వచ్చేరండీ. రిజిస్టరు పోగొట్టేసిన గుమస్తాగారంట కదా, పాపం."

"ఆయన కాదండీ. పోగొట్టింది నేను" అన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

ఆయన కప్పు నా ముందుకి జరిపి, "ఎవరైతే ఏంటి లెండి ఇప్పుడు. కాఫీ తీసుకోండి" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఆ రోజు మేం పెళ్ళికి బయల్దేరుతున్నామండీ. సగం రాసేటప్పటికి తలుపులు వేసేయాల్సొచ్చింది. మిగతాది అరుగు మీద నించుని, కిటికీలోంచి చూసి రాసుకుంటానన్నారు. సరేనన్నాం" అన్నారు.

నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది, చివరి పేజీ తెరిచాను. పదిహేనో పేరు దాకా ముత్యాల్లాంటి అక్షరాలు. పదహారు నుంచి వరసలు వంకర తిరిగాయి. ఊళ్ళు పోయాయి, తండ్రుల పేర్లు పోయాయి. ఇరవై రెండో నంబరు వేసి, దాని ఎదురుగా ఆయన ఇలా రాశారు: 'పిల్లవాని పేరు కలదు. ఇక్కడ నుండి నాకు కనబడుట లేదు.' కింద సంతకం చేశారు.