నలుసు పడని కన్ను

ఆళ్లగడ్డలో మా నాయన శిల్పి. అన్నా, నేనూ ఆయన దగ్గరే ఉలి పట్టాం. డెబ్బైల్లో ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్లో మనవాళ్లు గుడి కట్టుకుని, వెంకన్న విగ్రహం మాకు చెప్పారు. నేను చెక్కిన మొదటి నిలువెత్తు విగ్రహం అదే. కళ్లు తప్ప అన్నీ పూర్తిచేసి లారీకెక్కించాం. కళ్లు గుడిలోనే, ప్రతిష్ఠకు ముందు తెరవాలి. చెక్కిన చెయ్యే తెరవాలి, దానికి అడ్డమొస్తే తోడబుట్టినవాడి చెయ్యి. అది మా నాయన పట్టింపు.

ముహూర్తం దగ్గరపడిందని గుడివాళ్లు హైదరాబాదు నుంచి విమానం టిక్కెట్టు తీసి నా పేరున పంపారు. నేనేమో మిద్దె మీంచి కిందికి చూస్తేనే కాళ్లు వణికే రకం. పైగా వానాకాలం. భయమని చెబితే నాయన సుత్తి విసురుతాడు. అందుకని ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కంట్లో రాతి నలుసు పడిందని గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. కన్ను సరిగా లేనివాడు దేవుడి కన్ను తెరవకూడదు. నాయన నన్ను తిడుతూనే అన్నను పొమ్మన్నాడు.

అప్పటికి వదిన చంటిబిడ్డ తల్లి. మా వైపు కంట్లో నలుసు పడితే చనుబాలు వేస్తారు. ఆమె పూటపూటా చిన్న గిన్నెలో పాలు తెచ్చి, గుడ్డ విప్పి, రెండు చుక్కలు వేసేది. నేను గట్టిగా మూలిగేవాణ్ణి.

నంద్యాల బస్టాండు దాకా అన్నతో పోయాను. హైదరాబాదు బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనొచ్చేదాకా ఆ గుడ్డ తీయొద్దురా" అన్నాడు.

మూడో రోజు టెలిగ్రాం వచ్చింది. తెచ్చినతను ఊరికి కొత్త, మేమెవరమో తెలియదు. చదివి చెప్పమంటే చెప్పాడు. విమానం కూలిందట, నా పేరు గలవాడు పోయాడట. నాయన చేతిలోంచి సుత్తి జారిపోయింది. నేను మాత్రం, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఫక్కున నవ్వాను. "నేనీడనే ఉండా గదా" అన్నాను. ఆ నవ్వు ఆగకముందే వదిన గోడ పట్టుకుని కూలబడింది. టిక్కెట్టు ఎవరి పేరుదో ముందుగా గుర్తొచ్చింది ఆమెకే.

గాలివానలో నేల కనపడక రెండుసార్లు చుట్టు తిరిగి, మూడోసారి దిగబోతూ రన్‌వేకి ముందున్న చేలో పడిపోయిందని పేపర్లో రాశారు. చచ్చినవాళ్ల పట్టీలో నా పేరుంది. అన్న పేరు ఎక్కడా లేదు.

ఆ విగ్రహానికి ఇంకెవరో కళ్లు తెరిచారు. నేను తర్వాత ఏ విగ్రహానికీ తెరవలేదు. ఉరిమితే రెండో ఉరుము దాకా ఓర్చుకుని, మూడోదానికి చెవులు మూసుకునేవాణ్ణి. అన్నిటికన్నా వదినంటే భయం. ఆమె అన్నం వడ్డిస్తుంటే తల పైకెత్తేవాణ్ణి కాదు. నా అబద్ధం తెలిసిన రోజున ఆ చేత్తో నాకు మెతుకు పెట్టదనుకునేవాణ్ణి.

పదేళ్లు గడిచాక నిజంగానే నలుసు పడింది. ఆడిన అబద్ధం ఇన్నాళ్లకు తగిలిందనుకున్నాను. వదినే నన్ను బస్సులో నంద్యాల కంటిడాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వరండాలో బెంచీమీద కూర్చున్నప్పుడు గుడ్డ పైకెత్తి చాలాసేపు చూసింది.

"నలుసు పడితే ఇట్ల నెత్తురు మాదిరి ఉంటాదప్పా. ఆ పొద్దు నీ కన్ను తెల్లగా ఉండె."

"నీకు తెలుసునా వదినా?"

"పాలు పోసింది నేను గదా." గుడ్డ మళ్లీ నా కంటి మీదికి దించింది. "మీ అన్నకు నేనే చెప్తి. పిల్లోడు జడుసుకున్యాడు, మామకు చెప్పొద్దు, నువ్వు పోయిరా అంటి. నవ్వె. ఆయన్ని పొమ్మనింది నేనేనప్పా. నీకెట్ల చెప్పేది?"

నేను ఆమెకు భయపడిన పదేళ్లూ ఆమె నాకు భయపడింది. బస్సులోంచి అన్న చెప్పిన మాట అప్పుడర్థమైంది. గుడ్డ తీయొద్దన్నది నా కంటి కోసం కాదు, నాయన చూస్తాడని.

డాక్టరు నలుసు తీసి, దూది పెట్టి కట్టుకట్టాడు. "మూడు రోజులు విప్పొద్దు" అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి అంత ఉండదే అని ఆయన ఆశ్చర్యపోయాడు. వదిన కొంగుతో నా రెండో కన్ను తుడిచింది.