మొదటి సైటేషనుకు కృతజ్ఞత కూడిక

మన వ్యాసం అచ్చయిన మర్నాడు లోకమంతా పనులు మానుకుని దాన్నే చదువుతుందని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను అమలాపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. కొబ్బరి పీచు తీశాక పొట్టు మిగులుతుంది చూశారూ, పక్కనున్న బండారులంకలో నేతవాళ్లు నూలుకు రంగులద్ది పారబోసే నీళ్లను దానితో శుభ్రం చేయవచ్చని నా సిద్ధాంతం. డాబా నిండా పొట్టు ఆరబోసేదాన్ని. గాలి వీస్తే అది అమ్మ ఆరేసిన చీరల మీదికీ, పులుసు గిన్నెలోకీ చేరేది. (పరిశోధనకు కొన్ని త్యాగాలు తప్పవు. అవి అమ్మ చేసేది.)

అమ్మ బళ్లో టీచరుగా చేసి రిటైరయింది. "ఏమే, ఈ పొట్టు గోల ఎవరిక్కావాలి? శుభ్రంగా బీఈడీ చేసి బళ్లో చేరు" అనేది. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. క్రిస్మస్ లోపల నా వ్యాసాన్ని బయటివాళ్లు ఒక్కరైనా పట్టించుకుంటే పీహెచ్‌డీ, లేకపోతే బీఈడీ.

మన పనిని మరొకరు తమ వ్యాసంలో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఆ లెక్క ఇంటర్నెట్టులో మన పేరు పక్కనే కనిపిస్తుంది. నా పేరు పక్కన సున్నా ఉండేది. డిసెంబరులో ఒక సాయంత్రం అది ఒకటయింది. చూస్తే, ప్రస్తావించినాయన కేరళలో కోళ్ల మీద పనిచేసే శాస్త్రవేత్త. రంగునీళ్ల వ్యాసంతో కోళ్లకేం పని? ఆయన వ్యాసం డబ్బు కడితే గాని తెరుచుకోదట. ఒక కాపీ పంపమని మెయిలు పెట్టి, అదే ధ్యాసలో తిరిగాను. కోళ్లకు రంగులేస్తున్నారా? లేకపోతే గుడ్లకా?

అమ్మకు ఇలాంటి సందేహాలేవీ రాలేదు. మా వాళ్లలో వీసా వచ్చినా, ఉద్యోగం వచ్చినా ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టడం ఆనవాయితీ. అమ్మ పాస్టరుగారికి చెప్పింది, షామియానా వేయించింది, వీధందరికీ చికెన్ బిర్యానీ వండించింది. "మా అమ్మాయి రాసిందాన్ని కేరళలో పెద్ద శాస్త్రవేత్తగారు ఎత్తి రాసేరండి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. పాట తర్వాత నేను లేచి, దేవుడు చేసిన మేలేమిటో అందరికీ సాక్ష్యం చెప్పాలి. పాట నడుస్తుండగానే ఫోనులో ఆయన కాపీ వచ్చింది. ఆత్రంగా నా పేరున్న చోటు వెతికి చదివాను. 'కొబ్బరి పొట్టును ఎన్నిసార్లు ఆరబెట్టి వాడినా పీల్చే గుణం తగ్గదని ఈమె రాశారు. మేము అలాగే ఆరబెట్టి కోళ్ల కింద పరిచాం. మూడోసారికే పీల్చడం మానేసింది. ఈమె చెప్పింది సరికాదు.'

"చెప్పండమ్మా" అన్నారు పాస్టరుగారు. ఒక స్తోత్రం చెప్పేసి కూర్చుందామనే అనుకున్నాను. తీరా లేచాక, సాక్ష్యంలో అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"ఆయన నన్ను మెచ్చుకోలేదండి. నేను రాసింది తప్పని రాసేరు. నా మాట నమ్మితే వాళ్ల కోళ్లు తడిలో నిలబడ్డాయంటండి."

పాస్టరుగారు బిర్యానీ డేగిసా వైపోసారి చూసి, "కోళ్లు క్షేమమేనాండి?" అన్నారు.

"ఆయ్, క్షేమమేనండి."

"అయితే దేవునికి స్తోత్రం" అన్నారాయన. అందరూ హమ్మయ్య అనుకుని భోజనాలకు లేచారు.

నేను మాత్రం అమ్మ మొహం చూడలేకపోయాను. అందరూ వెళ్లాక, బీఈడీ మాట ఎత్తుతుందని కాచుకుని కూర్చున్నాను.

"ఆయన చెప్పింది నిజమేనా?" అంది.

"అయ్యుండొచ్చు. నేను రెండుసార్లే ఆరబెట్టి చూసేను."

"మరి ఎన్నిసార్లయినా అని ఎందుకు రాసేవు?"

నేను లేచి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను. (ఉత్సాహం కొద్దీ అని శాస్త్రవేత్తలు చెప్పుకోకూడదు.)

"నా సర్వీసంతా, తప్పు దిద్దుకోని పిల్లని పై క్లాసుకి పంపలేదే. నిన్నెలా పంపుతాను? రేపు పొట్టు తెప్పిస్తాను. మళ్లీ చెయ్యి" అంది అమ్మ. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు నా పేరు పక్కన అంకె బాగానే పెరిగింది. నేలసారం చూసేవాళ్లు, నర్సరీల మీద పనిచేసేవాళ్లు, సముద్రంలో ఒలికిన నూనెను తీసేవాళ్లు కూడా నన్ను ప్రస్తావిస్తున్నారు. నాతో వీళ్లకేం పనా అని ఇప్పటికీ ప్రతిదీ తెరిచి చూస్తాను. చాలావాటిలో పెళ్లి గ్రూపు ఫొటోలోలా పదిమంది మధ్య ఇరుక్కుని నా పేరుంటుంది. చదివిన జాడ ఉండదు. ఆ కోళ్ల శాస్త్రవేత్త ఒక్కరే నేను రాసింది రాసినట్టు చేసి చూశారు. ఆ తర్వాత నన్ను అంత నమ్మి చదివినవాళ్లు లేరు. ఆ రోజు షామియానా కింద సిగ్గుతో తలదించుకున్న పిల్లకు, తనకెంత మంచి పాఠకుడు దొరికాడో తెలియలేదు, పాపం.