పురి అడుగున మిగిలిన పాలడబ్బాలు

మా వైపు డబ్బాలో మూసిన తిండిని డబ్బు పెట్టి ఎవరూ కొనరు. చేప కావాలంటే చెరువుంది, కాలవుంది, పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకొచ్చే ఆవిడుంది. అయినా ఉప్పలగుప్తం చుట్టుపక్కల ఇళ్లలో అటక మీద నాలుగు డబ్బాలు కనిపిస్తూనే ఉంటాయి. అవి కువైట్ డబ్బాలు. వాటిని చూడగానే ఆ ఇంటి ఆడకూతురు ఆ దేశంలో ఎవరింట్లోనో వంట చేస్తోందని, లేకపోతే ఎవరి పిల్లల్నో ఎత్తుకుంటోందని చెప్పేయవచ్చు.

మా ఇంటి కువైట్ మనిషి మా చెల్లి. మొగుడు పోయిన ఏడాదే పిల్లను నా ఒళ్లో పెట్టి వెళ్లింది. అప్పటికి పాపకి ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. నాకు పిల్లల్లేరు. "అక్కా, దీనికి పాలు మాత్రం తక్కువ చెయ్యకు" అంది. వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కేసింది.

ఏటా ఓడ మీద కార్గో పెట్టె పంపేది. అందులో సబ్బులు, దుప్పటి, చేపముక్కల డబ్బాలు, చిక్కుడు గింజల డబ్బాలు, అన్నిటికన్నా ఎక్కువగా పాలపొడి. ప్రతి డబ్బా మూత మీదా నల్ల మార్కరుతో ఎవరిదో రాసి చుట్టూ సున్నా చుట్టేది. రాయకపోతే ఇళ్లలో పేచీలొస్తాయని అక్కడి మన ఆడవాళ్లందరికీ అలవాటైన పద్ధతది. అక్కకి, బావగారికి, పాపకి. పాలపొడి మీద ఎప్పుడూ పాపకి అనే ఉండేది. పాప కాలేజీకి వెళ్లే పిల్లయ్యాక కూడా అలాగే పంపింది. అది వదిలి వెళ్లిన పిల్ల దాని కళ్లలో ఇంకా పాలు తాగుతూనే ఉందేమో.

మా ఆయన ఫోన్లో మరదలితో సరసమాడకుండా ఉండేవాడు కాదు.

"ఏమ్మా మరదలా, గోదారి నీళ్లు తాగినోడికి డబ్బాలో చేపలు పంపేవేటి? ఊళ్లో నా పరువేం కాను?"

"ముల్లుండదు కదండీ బావగారూ. మీరు తినేటప్పుడు కూడా నోరు మూయరు. గొంతులో దిగబడితే మా అక్క గతేంటండీ?"

ఆయన పడీ పడీ నవ్వేవాడు.

ఆ డబ్బాల మీద దానికి అంత మక్కువ ఎందుకో నాకు తెలుసు. మా చిన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చి ఊరంతా పడిపోయింది. మేమంతా బడి మేడ మీదికి చేరాం. హెలికాప్టరు నుంచి పులిహోర పొట్లాలు జారవిడిచేవారు. చెల్లికి దొరికిన పొట్లం బురదలో పడి చిట్లిపోయింది. అది ఏడవలేదు. ఆ మెతుకుల్ని గౌనులో పోసుకుని వచ్చి, వాన నీళ్లతో కడిగి, నాకు సగం పెట్టి తను సగం తింది. ఇసక పళ్ల కింద కరకరలాడింది. పెద్దయ్యాక ఎప్పుడైనా ఆ ఊసొస్తే, "డబ్బాలో ఉంటే తడవదు కదక్కా" అనేది. ఇంట్లో అన్నం పారేస్తే ఒప్పుకునేది కాదు. కంచం అంచున మెతుకు మిగిలినా వేలితో తీసుకుని తినేది.

పనిచేసే ఇంట్లోనే గుండె ఆగి పోయింది మా చెల్లి. అంతకు ముందు రోజు పాపతో ఫోన్లో మాట్లాడింది. జలుబు చేసిందని కూడా చెప్పలేదు. మనిషిని విమానంలో తెచ్చారు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక కార్గో వాళ్లు ఫోను చేసి ఇంటి గుర్తులు అడిగారు. పోయే ముందు అది ఓడకి వేసిన పెట్టె అప్పుడొచ్చింది. మనిషి ముందొచ్చింది, పెట్టె వెనకొచ్చింది.

చుట్టూ వేసిన టేపు మా ఆయన కోశాడు. చేపడబ్బాలు, పాలడబ్బాలు. మూతల మీద అదే రాత, అదే సున్నా. పాప ఒక్కొక్కటీ తీసి తన మంచం కింద వరసగా పెట్టుకుంది. వాటిని మేమెవరం విప్పలేదు. నేను ఊడ్చేటప్పుడు చీపురు వాటికి తగలకుండా చుట్టూ తిప్పేదాన్ని.

శ్రావణంలో గోదారి పొంగి, నది నడుమనున్న లంక ఊళ్లు మునిగాయి. ఆ తరవాత అమలాపురంలో ఒక కల్యాణమండపంలో కాలేజీ పిల్లలకి చిత్రమైన పోటీ పెట్టారు. తిండి డబ్బాలు తెచ్చి, జిగురు అంటించకుండా, మేకు కొట్టకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఏదైనా ఆకారం కట్టాలి. చూడ్డానికొచ్చేవాళ్లు టిక్కెట్టుకు బదులు తలా ఒక డబ్బా తేవాలి. పోటీ అయ్యాక అన్నీ విప్పేసి, లంకల్లో పొయ్యి వెలగని ఇళ్లకి పంచుతారు. పై దేశాల్లో ఇలాంటివి చేస్తారట. పాప వాళ్ల కాలేజీ నుంచి కూడా ఒక జట్టు చేరింది.

"ఒకళ్లు పడవ అంటున్నారు, ఒకళ్లు కొబ్బరిచెట్టు అంటున్నారు. మేం ఏం కట్టాలి పెదనాన్నా?" అని పాప అడిగింది. తల్లి పోయాక ఆ పిల్ల గొంతులో అంత హుషారు వినడం అదే మొదలు.

"కూడు కోసం కడుతున్నారు కదమ్మా, పురి కట్టండి" అన్నాడు మా ఆయన.

ఇప్పటి పిల్లలు పురి ఎక్కడ చూశారు? వరిగడ్డిని లావుపాటి తాడుగా పేని, గుండ్రంగా చుట్టుకుంటూ లోపల ధాన్యం పోస్తూ, పైకి కట్టుకుపోతారు. నడుము దగ్గర కాస్త ఉబ్బుతుంది, పైన గడ్డి టోపీ పెడతారు. మా మామగారి రోజుల్లో ప్రతి రైతు వాకిట్లోనూ ఉండేది. మా ఆయన నేల మీద పుల్లతో గీసి చూపించాడు. పాప వెంట వచ్చిన జట్టు పిల్లలు చప్పట్లు కొట్టారు.

డబ్బాల కోసం కువైట్ ఇళ్లన్నీ తిరిగారు. ఆడవాళ్లు అటకలెక్కి మరీ ఇచ్చారు. అంతా సమకూరాక, అడుగు వరసకి మాత్రం లావుగా బరువుగా ఉండే డబ్బాలు కొన్ని తక్కువ పడ్డాయి. పాప మంచం పక్కన నేల మీద కూర్చుని తల్లి డబ్బాలు ఒక్కొక్కటీ బయటికి లాగడం గుమ్మంలోంచి చూశాను.

"అవొద్దే పాపా."

"డేటు చూడు పెద్దమ్మా. ఏడాది ఆఖరికి అయిపోద్ది. మనం తాగం. అప్పుడేం చేస్తాం, పారేస్తామా? అమ్మ పంపింది పారేస్తామా?"

"ఒక్కటైనా ఉంచుకోవే."

"ఉంచితే అదీ పాడైపోద్ది. లంకలో ఎవరో చంటిపిల్ల ఉంటది కదా, అది తాగుద్ది. నాకు పంపినట్టే దానికీ పంపిందనుకుంటాను."

 దుమ్ము లేకపోయినా చీర చెంగుతో ఒక్కో డబ్బా తుడిచి అందించాను. చేపడబ్బాలు కూడా ఇచ్చేశాం.

కట్టే రోజు మా ఆయన కూడా వెళ్లాడు. పాప తన తల్లి పంపిన పాలడబ్బాలు అడుగు వరసలో పేర్చేవేళకి ఆయన బయట అరుగు మీద టోపీకి గడ్డితాడు పేనుతున్నాడు. లోపల ఏ డబ్బా ఏ వరసలోకి పోయిందో ఆయనకి తెలియదు. చూడ్డానికి నేనూ వెళ్లాను. లైట్ల కింద ఆ డబ్బాల పురి నిజంగా ధాన్యంతో నిండినట్టే ఉంది. ఎవరో పెద్దాయన దాని ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. రెండో బహుమతి వచ్చింది.

విప్పే రోజు పాప మొదటి బండితో రేవుకి వెళ్లి, పడవ ఎక్కి లంకలోకి పోయింది. మండపంలో మిగిలిన పిల్లలు, మా ఆయన పై నుంచి దింపుతూ వచ్చారు. ఆఖరి వరస దగ్గరికొచ్చేసరికి మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కువైట్ డబ్బాలన్నిటి మీదా ఏవో రాతలుండేవే, మూతల మీద ఏం రాసుందో ఆయన చదవలేదు.

మా ఇళ్లలో పురి అడుగు ఊడ్చరు. ఎంత కరువొచ్చినా అడుగున కుంచెడు గింజలుండాలి. మళ్లీ ఏడాదికి నిండాలంటే అడుగు ఖాళీ కాకూడదు. మా అత్తగారు బియ్యం డబ్బాకి కూడా అదే పాటించేది. నేనూ పాటిస్తాను.

"అడుగు వరస ఉండనివ్వండి బాబూ. పురి నేలమట్టం చెయ్యకూడదు" అన్నాడట.

"ఆయ్, అలాగేనండీ" అన్నారట పిల్లలు.

మండపం మేనేజరు కూడా సంతోషించి, "ఉంచండి, గుమ్మంలో కళగా ఉంటది" అన్నాడట. ఇంటికొచ్చి మా ఆయన ఎంతో మురిసిపోతూ చెప్పాడు. "ఈ కాలప్పిల్లలే, ఎంత మర్యాదగా విన్నారనుకున్నావ్!" నాకూ బాగానే అనిపించింది. అడుగున ఉన్నవి ఏ డబ్బాలో నాకూ తట్టలేదు.

పొద్దుగూకాక పాప వచ్చింది. కాళ్ల నిండా లంక బురద. ముందు అన్నం పెట్టమంది. రెండోసారి పెట్టించుకుంది కూడా. తింటూ ఒకటే మాటలు.

"ఒక ఇంట్లో చంటిది పెద్దమ్మా, గుప్పెడంత ఉంది. వాళ్లమ్మకి పాలు పడట్లేదంట. రెండో బండిలో పాలడబ్బాలొస్తాయి, మీకే ఇమ్మని ఇక్కడ పంచేవాళ్లకి చెప్పేనన్నాను. ఇచ్చే ఉంటారు కదా?"

"ఎందుకివ్వరే, ఇచ్చే ఉంటారు."

ఆ రాత్రి పాప దీపం ఆర్పేసి పడుకుంది. తల్లి పోయాక దీపం లేకుండా నిద్రపోయింది అప్పుడే.

ఇక అక్కడి నుంచి ఆ చంటిపిల్ల మా ఇంట్లోనే పెరిగింది. పేరు తెలియదు, మళ్లీ చూసింది లేదు. కానీ పాప నోట ఎప్పుడూ అదే మాట. "ఈపాటికి బోర్లా పడుతూ ఉంటది పెద్దమ్మా." కొన్నాళ్లకి, "ఈపాటికి పాకుతూ ఉంటది." చలికాలం వస్తే, "దానికి స్వెట్టరుందో లేదో." మా ఆయన ఏడిపించేవాడు: "మనవరాలికి ఊయల కట్టేదా ఏంటే?" పాప సిగ్గుపడి నవ్వేది. తల్లి చేతి పాలు తాగి ఎక్కడో ఒక ప్రాణం ఎదుగుతోందని దాని ధైర్యం. ఆ ధైర్యంతోనే తింది, చదివింది, పరీక్షలు రాసింది.

మాఘమాసంలో చుట్టాల పెళ్లి ఆ మండపంలోనే అయింది. ముగ్గురం వెళ్లాం. గుమ్మంలో పన్నీరు చల్లుతున్నారు. పక్కనే డబ్బాల వరస గుండ్రంగా అలాగే ఉంది. మధ్యలో వరికంకుల కుచ్చు నిలబెట్టారు. ప్రతి మూత మీదా పసుపు, కుంకుమ బొట్టు పెట్టారు. ఎంతో భక్తిగా, ఎంతో శుభ్రంగా ఉంచారు.

"చూసేవా, ఎంత బాగా ఉంచేరో!" అన్నాడు మా ఆయన పాప భుజం తట్టి.

పాప వంగి, ఒక మూత మీది కుంకుమ వేలితో పక్కకి జరిపింది. కింద నల్ల సున్నా, సున్నాలో పాపకి. పక్క మూతా అంతే. ఆ పక్కదీ అంతే.

నా పేరు రాసిన చేపడబ్బాలు లంకకి చేరాయి. ఆయన పేరు రాసినవీ చేరాయి. పాపకి అని రాసినవి మాత్రం రేవు దాకా కూడా వెళ్లలేదు.

మా ఆయన ఆ రాత చూశాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.  మేనేజరు వచ్చి, "తీసుకెళ్తారా అమ్మా? తీసుకెళ్లండి, ఎలాగూ డేటు అయిపోయింది, ఇంక ఎవరికీ ఇయ్యలేం కదండీ" అన్నాడు. మంచి మనిషే, సంచి కూడా ఇచ్చాడు. వెనక పెళ్లి మేళం మోగుతోంది. భోజనానికి కూర్చోకుండా వచ్చేశాం. ఆటోలో డబ్బాలు మా ఇద్దరి ఒళ్లోనూ ఉన్నాయి. ఆయన డ్రైవరు పక్కన కూర్చుని ఇల్లు చేరేదాకా వెనక్కి తిరగలేదు.

వాకిట్లో దిగాక, "నేనే చేసేనమ్మా" అన్నాడు.

"మీరేం చేసేరు పెదనాన్నా? అడుగు ఊడ్చొద్దన్నారు. అంతే కదా" అంది పాప. అది కసురుకున్నా మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఒక డబ్బా మూత తీసింది. పొడి గడ్డ కట్టింది. చెంచా దిగలేదు. గడ్డపెరుగు కోసినట్టు అంచుల్లో కోసి, నీళ్లు కాచి కలిపి, మూడు గ్లాసుల్లో పోసింది. మొదటి గ్లాసు పెదనాన్న చేతికిచ్చింది. ఆయన నిలబడే తాగాడు. కొంచెం ముక్కిన వాసన వేసింది. అయినా ఎవరం సగంలో ఆపలేదు. పాప గ్లాసు అడుగున మిగిలిన పొడిని వేలితో తీసుకుని నోట్లో పెట్టుకుంది. వాళ్లమ్మ కూడా కంచం అంచున మెతుకును అలాగే తీసేది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

మిగిలినవి మా ఆయనే రోజూ పొద్దున్న కుడితిలో కలిపి దూడకి పెట్టాడు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. అది గంగాళం నాకి నాకి తాగేది. పాప ఆ వైపు వచ్చేది కాదు. లంకలో చంటిపిల్ల ఊసు మళ్లీ ఎత్తలేదు. అది నడుస్తోందో లేదో, బతికుందో లేదో, ఆ వేళ పాలడబ్బా ఇంకేదైనా దానికి చేరిందో లేదో, మాకెవరికీ తెలియదు. అడగడానికి మనసొప్పలేదు.

మొన్న బియ్యం నిండుకుంటే డబ్బా అడుగున చెయ్యి పెట్టాను. సోలెడు మిగిలాయి. ఎప్పుడూ వదిలేసే గింజలే అవి. వదలబోతే ఆ పసుపు కుంకుమల మూతలు కళ్ల ముందు నిలబడ్డాయి. తీయబోతే మా అత్తగారు కనిపించింది. చాలాసేపు డబ్బాలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన వచ్చి చూసి, ఏమైందని అడగకుండా వెళ్లిపోయాడు.