పేర్లు పడేదాకా

నా తెలివితక్కువతనం నేనే ముందు చెప్పేస్తాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వేకంటే అది నయం. ఈమధ్య చూసిన ఒక సినిమాలో డాక్టరుగారు నాకు తెగ నచ్చేశాడు. తెల్ల గడ్డం, మెత్తటి మాట, పేదవాళ్ళకు ఉచితంగా మందులు. పొద్దున నడకకు వచ్చే మిత్రుల దగ్గర ఆయన్ని నోరారా పొగిడాను. సమాజానికి ఇప్పుడు కావలసింది ఇలాంటి మనుషులేనని ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి కూడా చెప్పాను. విన్నవాళ్ళందరూ నన్ను అదో రకంగా చూశారు. చివరికి ఒకాయన జాలిపడి, "అదేంటండీ, ఆ హత్యలన్నీ చేసింది ఆయనేగా!" అన్నాడు. ఆ సంగతి ఆఖరి పది నిమిషాల్లో తెలుస్తుందట. ఆ పది నిమిషాలు నేను చూడలేదు.

ఈ ఉదయం ఆ పెద్దమనిషే, మీసాల కింద నవ్వు దాచుకుని, "ఈమధ్య చూసిన సినిమాలు ఎలా ఉన్నాయండీ?" అని మళ్ళీ అడిగాడు. అందుకని ఇది రాస్తున్నాను. నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. టీవీలో సినిమా రసపట్టులో ఉండగా ఊరందరికీ కరెంటు తీసేసిన పాపం నాది. ఆ ఉసురు ఊరికే పోతుందా? రిటైరయ్యాక అద్దంకిలో కొత్త బొమ్మ పడిందంటే వదలడం లేదు. వదలడం లేదన్నానే గాని పూర్తిగా పట్టుకున్నదీ లేదు. సినిమాలు చూశాననడం కంటే చూచాయగా చూశాననడం న్యాయం. దెయ్యం సినిమా ఒకటి చూశాను. చివరికి ఇల్లు దెయ్యం ఖాళీ చేసిందో, ఇంట్లోవాళ్ళు ఖాళీ చేశారో తెలియదు. కోర్టు సినిమాలో జడ్జిగారు తీర్పు చదవబోతూ కళ్ళజోడు తీసి తుడుచుకుంటుండగా బయటికొచ్చాను. నాకు సంబంధించినంతవరకు ఆయన పాపం ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఒక ప్రేమకథలో అమ్మాయి రైలెక్కింది. దిగిందో లేదో ఆ దేవుడికే ఎరుక.

దీనికంతటికీ కారణం మా బావ, అంటే మా అక్క భర్త. అద్దంకి దగ్గర పల్లెలో మిరప, పత్తి పండిస్తాడు. అక్క పెళ్ళైన నాటినుంచి నన్ను సినిమాకు తీసుకుపోయే బాధ్యత ఆయనదే, లేపుకొచ్చే తొందరా ఆయనదే. హాలు పక్కన స్టాండులో బళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెడతారు. ముందొచ్చినవాడి బండి లోపలికి, ఆలస్యంగా వచ్చినవాడిది గేటు దగ్గరికి. మా బావ అన్నిటికీ ముందుండే మనిషి కాబట్టి ఆయన బండి ఎప్పుడూ గోడవారనే ఉంటుంది. ఆట వదిలాక ఆ తొక్కిసలాటలో బండి తీయడం తన పరువుకు భంగమని ఆయన నమ్మకం. విలను హీరో తల్లిని స్తంభానికి కట్టేశాడనగానే మోకాలితో నన్ను పొడుస్తాడు.

"లెగు, లెగు. అయిపోయిందిలే. ఇంకేముంది, కొట్టుకోటమేగా."

"ఆ కొట్టుకోటం చూద్దాం బావా."

"అది ఇంటికాడ మీ అక్క చూపిచ్చుద్దిలే, దా."

ఇదే మనిషి ఆదివారం ఆరాధనలో, ప్రసంగం ఎంత సాగినా సరే, పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పి ఆమెన్ అనేదాకా చాప మీంచి కదలడు. దేవుడి సన్నిధిలో చూపించే ఓపికలో వీసమెత్తు సినిమావాళ్ళకు ఇవ్వడు.

అయినా ఆయన పక్కన కూర్చుని చూడటంలో ఒక సుఖముంది. మొన్నామధ్య ఒక సినిమా వచ్చింది, మా వైపు కథే అన్నారు. పోస్టరు నిండా ఎర్రటి మిరపకాయలు. అందులో హీరో కళ్ళంలో ఎండుకాయల రాశి మీద రౌడీలను పడేసి చితకబాదాడు. కాయలు లేచాయి, పొడి లేచింది, వెనకనుంచి పాట లేచింది. హాలంతా ముక్కు మూసుకుంది, ఉత్కంఠతో కాదు, అలవాటు కొద్దీ. ముందు వరసలోంచి ఎవరో అరిచారు: "ఒరేయ్, ఒక్కడికీ తుమ్ము రాదేందిరా!" అంతే, హాలు హాలంతా ఒకటే నవ్వు. "అయ్యి ప్లాస్టిక్కు కాయలు" అని మా బావ తీర్పిచ్చేశాడు. ఏ మహానగరంలోనూ ఆ సినిమాకు అంత నిక్కచ్చి సమీక్ష వచ్చి ఉండదు. మా వాళ్ళకు కారం ఎక్కువంటారు. నిజమే, మమకారంలోనూ అహంకారంలోనూ ఉన్నది ఆ రెండక్షరాలేగా! ఆ రోజు నాకు రెండోది కాస్త ఎక్కువే అయింది.

ఈ బావకు ఒక్కతే కూతురు. బీటెక్కు చదివి, హైదరాబాదు వెళ్ళి, సినిమాల్లో చేరింది. సినిమాల్లో అనగానే పల్లెలో అందరూ దాన్ని తెర మీద వెతకడం మొదలుపెట్టారు. మా మేనకోడలు చేసేది చప్పుళ్ళు. తలుపు మూసుకోవడం, గాజులు కదలడం, పళ్ళెం జారి పడటం, ఎవరో నడిచి వెళ్ళడం, ఇవన్నీ షూటింగులో సరిగా వినపడవట. తర్వాత విడిగా చేసి బొమ్మకు అతికిస్తారట. మా బావకు ఈ సంగతి ఎంతకీ బుర్రకెక్కలేదు. ఆయన పక్కచేను ఆసామికి మాత్రం వెంటనే ఎక్కింది.

"చప్పుళ్ళు చెయ్యటానికి బీటెక్కెందుకు మావా? మా ఇంట్లో ఆడోళ్ళు పొద్దున్నే గిన్నెల కాడ చదవకుండానే చేస్తన్నారు" అన్నాడట టీ బంకు దగ్గర, అందరూ ఉండగా. అందరూ నవ్వారు. మా బావ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని అక్క నాకు ఫోన్లో చెప్పింది.

కిందటి ఎండల మొదట్లో, కాయ కోసి కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో, ఆ పిల్ల ఇంటికొచ్చింది. సంచిలోంచి బొచ్చుకుక్కపిల్లలాంటి మైకు తీసింది. అడవిలో ఎండుటాకుల మీద మనిషి నడిచే చప్పుడు కావాలట. నిజం ఆకులైతే నాలుగడుగులకే పొడైపోతున్నాయట. ఎండుమిరపకాయ అంత తొందరగా చిట్లదు, పైగా లోపల గింజలు గలగలమంటాయి. "నాన్నా, కాయలు తిరగేసేటప్పుడు ఎట్టా నడుస్తావో అట్టా నడువు, చాలు" అంది. మా వైపు ఆరబోసిన కాయల్ని కాళ్ళు ఈడ్చుకుంటూ మధ్యలో నడిచి తిరగేస్తారు. చిన్నప్పుడు ఎద్దు తొక్కడంవల్ల మా బావ కుడికాలు మరికాస్త ఎక్కువ ఈడుస్తాడు. ఆయన నడిచాడు. పిల్ల చెవులకు డిప్పలు తగిలించుకుని కళ్ళు మూసుకుంది. అక్క కోళ్ళను అదిలించడానికి కూడా నోరెత్తకుండా, చేతులూపుతూ వాటి వెంట పరిగెత్తింది. అంతా సవ్యంగా సాగుతుండగా నేను తుమ్మాను. "మావయ్యా!" అని పిల్ల నెత్తి కొట్టుకుంది. సినిమా రంగానికి నేను చేసిన సేవ అంతవరకే.

"కాయలు తొక్కితే జీతమిస్తారంటమ్మా?" అన్నాడు మా బావ, కాళ్ళు దులుపుకుంటూ.

"ఇస్తారు నాన్నా. పేరు కూడా వేస్తారు."

"పేరా? తెర మీదా?"

"తెర మీదే. సినిమా అంతా అయిపోయాక, ఆఖర్న."

మర్నాడు టీ బంకు దగ్గర ఆయన గొంతు పెంచాడు. "మా అమ్మాయి పేరు తెర మీద పడుద్ది. టికెట్లు నేను తీస్తా. అందరూ వచ్చి, చూసి, అప్పుడు మాట్టాడండి!" పేరు పడకపోతే మళ్ళీ ఆ బంకు దగ్గర తలెత్తుకుని టీ తాగలేడని ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

ఆ సినిమా విడుదలైన శుక్రవారం మ్యాట్నీకి ఒక ట్రక్కాటో నిండా జనం దిగారు. పక్కచేను ఆసామి అందరికంటే ముందు దిగాడు. మా అక్క కూడా వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నాక ఆమె సినిమా హాలు గడప తొక్కలేదు. పాస్టరుగారిని అడిగే వచ్చింది. "నువ్వు పోయేది సినిమాకు కాదమ్మా, బిడ్డ కష్టం చూడటానికి" అన్నారట ఆయన.

సినిమా సగం దాటాక హీరో అడవిలో ఒంటరిగా నడిచే ఘట్టం వచ్చింది. పాట లేదు, మాట లేదు. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడొక్కటే. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ. మా బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒరేయ్, అయ్యి ఆకులు కాదురా. మన కాయలు."

"అవును బావా."

"ఆ కుడికాలు నాదిరా!"

తెర మీద నడుస్తున్నది కోట్లమంది అభిమానుల హీరో. కింద పలుకుతున్నది మా బావ పాదాలు. ఈ సంగతి వరసంతా పాకింది. పక్కచేను ఆసామి ముందుకు వంగి, చెవి ఒగ్గి విని, "మావ నడకేరోయ్!" అని ఒప్పుకున్నాడు గాని, వెంటనే, "సరేలే, పేరేది?" అన్నాడు.

ఆఖరి ఘట్టం మొదలైంది. విలను ఎవర్నో కట్టేశాడు. మా బావ అలవాటుగా లేచి నిలబడ్డాడు! ఆ రోజు బండి తేలేదు, స్టాండుతో పని లేదు, కూతురి పేరు ఇంకా పడలేదు. అయినా ఇన్నేళ్ళ కాళ్ళు మాట వినలేదు. అక్క చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. జీవితంలో మొదటిసారి ఒక సినిమా ముగింపు నేను పూర్తిగా చూశాను. చూసిన మరుక్షణం తెర నల్లబడింది, లైట్లు వెలిగాయి, తలుపులు బార్లా తెరుచుకున్నాయి. తర్వాతి ఆటకు ఊడవడానికి చీపుళ్ళు లోపలికొచ్చాయి. మా హాల్లో చివరి పేర్లు వెయ్యరన్న సంగతి మాలో ఒక్కడికీ తెలియదు. పేర్ల కోసం ఎవరన్నా ఆగితే కదా తెలియడానికి!

"ఏది మావా పేరు? చప్పుడన్నా చెయ్యకుండా పోయిందే!" అన్నాడు పక్కచేను ఆసామి.

మా బావ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ ఖాళీ తెర వైపే చూస్తున్నాడు. అప్పుడు మా అక్క గొంతు లేచింది. "ఆశీర్వాదం కాకుండానే లెగుస్తారా ఎవరన్నా? కూచోండి అందరూ!" ట్రక్కాటో మొత్తం ఠక్కున కూర్చుంది. నేను మేనేజరు గదికి పరిగెత్తాను.

"వాటిని ఎవరూ చూడరండీ. అందులో చూట్టానికేముంది?" అన్నాడాయన.

"మా మేనకోడలుంది. ఇందాక హీరో నడిచింది మా బావ కాళ్ళతోనండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, హాల్లోకి తొంగిచూశాడు. "వాళ్ళు లెగరా?"

"ఆశీర్వాదం అయ్యేదాకా మా అక్క కూర్చోమందండీ. నాక్కూడా భయమే."

ఆయన నవ్వేశాడు. ఆపరేటరుకు కేకేసి, "ఒరే, ఆపినకాడి నుంచి పేర్లు వెయ్యరా. వీళ్ళు ఆమెన్ అనేదాకా కదిలేటట్టు లేరు!" అన్నాడు.

లైట్లు ఆరాయి. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, చీమల బారులా పైకి పాకాయి. కుట్టినవాళ్ళు, వండినవాళ్ళు, వాహనాలు నడిపినవాళ్ళు, ఎంతమంది బిడ్డలో! నేను కళ్ళజోడు సవరించుకుంటూ పైకి చదువుతున్నాను. శబ్దం దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి వేలు పెట్టి చూపించాను. మా పిల్ల పేరుంది. దాని వెనక, ఇంటిపేరుకు బదులు, మా బావ పేరుంది. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాదు గాని, తన పేరు ఎలా ఉంటుందో పాసుపుస్తకం మీద చూసి గుర్తుపడతాడు. "అది నాదేగా?" అన్నాడు. "నీదే బావా, ఇద్దరిదీ." హాల్లో ఈల మోగింది. తిరిగి చూస్తే, వేళ్ళు నోట్లో పెట్టుకుని ఉన్నది పక్కచేను ఆసామి. చీపురు పట్టుకున్న ఆమె కూడా చీపురు చంకలో పెట్టి చప్పట్లు కొట్టింది. అక్క కళ్ళు మూసుకునే "ఆమెన్" అంది.

తిరుగు దారిలో, ట్రక్కాటోలో నా పక్కన ఒరిగి మా బావ మెల్లగా అడిగాడు: "పేరెప్పుడు పడుద్దా అని చూస్తా కథ వదిలేశాన్రా. ఆఖర్న ఏమైంది? వాడు అడవిలోంచి వచ్చాడా?"

"చెప్పను బావా" అన్నాను.

ఇప్పటికీ చెప్పలేదు. అక్కను అడిగితే తాను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నానంది. పక్కచేను ఆసామినో, బంకు దగ్గర ఇంకెవరినో, చివరికి కూతుర్నో అడగడం ఆయనకు నామోషీ. సినిమా కూడా హాల్లోంచి వెళ్ళిపోయింది. అందుకని రోజూ పొద్దున్నే నాకు ఫోను చేస్తాడు, బతిమాలతాడు, తిడతాడు. "రేపు చెప్తాలే" అంటాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనుషులం ఇద్దరం రేపు అనే మాటను ఇంత ధీమాగా వాడుకుంటుంటే, కాలం కూడా ముగింపు సంగతి మరిచిపోయి మా పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.