ఐదింటిలోపు ఆపాల్సిన లాగిన్

రక్షణ సంస్థల కంప్యూటర్లకు కాపలా కాసే ఒక కంపెనీలో నాది పట్టిక చూసే పని. మావాళ్లలో ఎవరికి ఏ సైబర్ భద్రతా సర్టిఫికెట్ ఉంది, అది ఎప్పటిదాకా చెల్లుతుంది అని రాసిపెడతాను. గడువు ముగిసిన రోజు సాయంత్రం ఐదింటిలోపు ఆ మనిషి లాగిన్ ఆపించాలి. పోయిన వానాకాలం ఒకాయన, తండ్రి దవాఖానాలో ఉన్నాడని, రెండు రోజులు ఆగమని బతిమాలాడు. నేను ఆగలేదు. ఆయన మళ్లీ మా జట్టులోకి రాలేదు.

పాప పుట్టాక పినపాక దగ్గర అత్తగారింటి నుంచే పనిచేస్తున్నాను. ప్రసూతి సెలవులో చదువు సాగక నా సర్టిఫికెట్ పొడిగించుకునే పరీక్షే వెనకబడింది. చివరికి గడువు ముగిసే రోజు పొద్దునకు గాని తేదీ దొరకలేదు. ఇంట్లోనే, కెమెరా ముందు రాయాలి. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు చూస్తూనే ఉంటాడు. గది తలుపుకు గడియ లేదు. పరీక్ష అయ్యేదాకా ఎవరి మాటా వినిపించకూడదని అత్తమ్మకు రెండుసార్లు చెప్పాను. లోపలికి రావద్దని విడిగా చెప్పలేదు.

పాపకు ముందురోజు నుంచీ ఒళ్లు వెచ్చగా ఉంది. సగం ప్రశ్నలయ్యాక ఏడుపు మొదలైంది. ఊపిరి బిగబట్టి, ఆగి, మళ్లీ అందుకునే ఏడుపు. నేను తల తిప్పలేదు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. ఆగినందుకే ఎక్కువ భయమేసింది.

తెర మూలన కనిపిస్తున్న నా ముఖం వెనక అత్తమ్మ చీర కదిలింది. ఆమె గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. పిల్లకు దిష్టి తీసి తల్లికి తీయకపోతే, అది పాల వెంట తిరిగి పిల్లకే చేరుతుందని ఆమె నమ్మకం. నేను చెప్పినట్టే పెదవి విప్పకుండా వచ్చింది. గుప్పిట నా తల చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి పూర్తికాకముందే తెర మీద ప్రశ్న మాయమైంది. గదిలో మరొకరు ఉన్నందున పరీక్ష రద్దు అని ఒక్క వరుస.

"అయిపోయిందా బిడ్డా?" అని చెవిలో అడిగింది.

"అయిపోయింది అత్తమ్మా."

"పిల్ల పండుకున్నది, లేపకు." మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదని, దిష్టి గట్టిగానే తగిలిందని తర్వాత వచ్చి చెప్పింది.

మధ్యాహ్నం మా సారు ఫోన్ చేశాడు. వారంలో తనిఖీ ఉంది. పట్టికలో తేదీలు మార్చగలిగేది నేనొక్కదాన్నే.

"గడువు దాటినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఒకరున్నరు సార్. నేనే."

"రూలు నీకు తెల్వంది కాదు గద," అని మాత్రం అన్నాడు. నా లాగిన్ ఆపమని నేనే మెయిల్ రాశాను. మళ్లీ పనిలోకి పిలుస్తామని కంపెనీవాళ్లు అన్నారు.

పిలవలేదు. కంప్యూటర్ ముందు ఎందుకు కూర్చోవట్లేదని అత్తమ్మ అడిగితే సెలవన్నాను. నా పని ఆగింది ఆ గుప్పిటవల్లేనని ఆమెకు ఎలా చెప్పను? పదకొండు రోజులైంది. ఇన్ని రోజుల సెలవు ఎవరిస్తారని ఇవాళ అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.