పెద్దమ్మ ఆగిన చోటు

పళ్ళపొడికీ తలనూనెకీ పది సెకన్ల ప్రకటన పాట ముక్కలు కట్టి ఇరవై రెండేళ్లు నెట్టుకొచ్చిన మనిషి మాస్టారు. ఆ ముక్కలు ఊరందరికీ నోటికొచ్చు, ఆయనెవరో మాత్రం ఎవరికీ తెలీదు. అలాంటాయన్ని ఓ దర్శకురాలు వెతుక్కుంటూ వచ్చి, గంట నిడివి డాక్యుమెంటరీకి సంగీతం చెయ్యమంది. పాటలుండవు, వాద్యాలే. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న ఒక ముసలావిడ కథ అది. అక్కడ అందరికీ ఆవిడ పెద్దమ్మ.

మాస్టారు వంటింటి పక్క గదిలో గోడలకు పాత బొంతలు కొట్టి, అదే స్టూడియో అనుకుని కూర్చున్నాడు. ఆయన వేణువు అందుకున్నప్పుడల్లా భార్య మిక్సీ ఆపేసేది. వారం గడిచినా ఒక్క వరస కుదర్లేదు. ఎక్కడ మొదలెట్టినా చివరికి పళ్ళపొడి దగ్గరే తేలేవాడు.

"మిక్సీ ఆపలేక చస్తున్నాను. ఆ పాటేదో త్వరగా కనండి," అంది భార్య.

ఎనిమిదో రోజు షూటింగులో పట్టిన శబ్దాలు వింటుంటే, యంత్రాల రొద వెనక పెద్దమ్మ కూనిరాగం దొరికింది. అంతవరకూ అది ఎవరి చెవినా పడలేదు. స్వరం నాలుగు మెట్లు పైకెక్కి, ఠక్కున ఆగి, కాసేపటికి మెల్లగా కిందికి దిగే వరస. ఆ ఆగిన చోట మాస్టారికి ఒళ్లు జలదరించింది. గంటలో దాన్ని వేణువు మీదికి దించేశాడు. ఆవిడ గొంతూ వేణువూ ఒకదానికొకటి అడ్డొస్తున్నాయని గొంతు తగ్గించాడు. తగ్గించి తగ్గించి, చివరికి తీసేశాడు.

దర్శకురాలు విని కళ్లు తుడుచుకుంది. "మధ్యలో ఆపారు చూడండి, అది ఎలా తట్టిందండీ మీకు?"

"ఏదో, అలా వచ్చేసిందమ్మా," అన్నాడు.

అన్నాక నాలుక్కరుచుకున్నాడు. కానీ తనని ఎవరైనా అంత గౌరవంగా చూసి ఎన్నేళ్లయిందో. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు మూడు నెలలు సాగింది. భార్య దగ్గర కూడా నోరు విప్పలేదు.

తొలి ప్రదర్శన ఆసుపత్రి క్యాంటీన్లోనే పెట్టారు. సంగీతం అన్న మాట కింద ఆయన పేరొక్కటే పడింది. చప్పట్లు మోగుతుంటే తేలు కుట్టిన దొంగలా వెనక వరసలో కూర్చున్నాడు. పెద్దమ్మ గోడ పట్టుకుని, రెండడుగులకోసారి ఆగుతూ, తిన్నగా ఆయన దగ్గరికే వచ్చింది. నలుగురిలో కడిగిపారేస్తుందనుకున్నాడు.

"మా అమ్మ పాట పెట్టావు కదూ బాబూ," అంది. మొహంలో సంతోషమే తప్ప కోపం లేదు. "బాగా వాయించావు. కాకపోతే మధ్యలో ఎందుకాగావు?"

"మీరు అక్కడ ఆగారు కదమ్మా."

"పాట ఆగదు నాయనా. ఆ లాండ్రీ ఆవిరికి నాకు ఊపిరందదు. అందుకని ఆగాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. దొంగతనం చేశానన్న సిగ్గు మూడు నెలలుగా మోస్తూనే ఉన్నాడు. ఇది దాన్ని మించిపోయింది. ఒక మనిషి ఊపిరాడక అవస్థ పడుతుంటే, తను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎంత బాగుందో అని మురిసిపోయాడు. అదంతా తన నేర్పే అని మెచ్చుకున్నవాళ్లకి తలూపాడు.

ఇంతలో దర్శకురాలు ఎవరో పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. "వీరేనండీ. ఇందాక మీరడిగిన ఆ ఆపడం వీరి ఆలోచనే."

పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"నాది కాదు," అన్నాడు మాస్టారు. "పాట ఈవిడది. అక్కడ ఆగింది ఈవిడ ఊపిరి. నేను గొంతు తీసేసి నా పేరు వేసుకున్నాను."

దర్శకురాలు ఆయన వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నాకు చెప్పాలనిపించలేదా?" అని మాత్రం అడిగింది.

పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది. "పోనీలే, అసలు పాట ఎలా ఉంటుందో వినండి," అంటూ ఎత్తుకుంది. నాలుగు మెట్లెక్కి, సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఈసారి బాగుందని ఎవరూ అనలేదు. మాస్టారు మంచినీళ్ల కోసం పరిగెత్తాడు.