ఎటు తిప్పినా అవే ఆరు అంకెలు

చెప్తే నవ్వుతరు, చెప్పకపోతే పక్కింటి శరణమ్మ చెప్తది. అందుకే ముందుగాల నేనే చెప్తున్న: నిన్న నా ఫోన్‌కు నేనే దొంగనైన!

మా థర్మల్ కాలనీల గోడ అవతలి క్వార్టర్సు శరణమ్మది. నేను ఫోన్ తీస్తే చాలు, చక్కెరకని గిన్నె పట్టుకొని వస్తది. భుజం మీదికెళ్లి తొంగిచూస్తదని నా అనుమానం. అందుకే గట్టి లాక్ నంబరు చెప్పుమని మనవరాలు సునీతను అడిగిన. హట్టి ఊరి బడిల లెక్కల టీచరు అది.

"142857 పెట్టుకో అవ్వా, తమాషా నంబరు. రెండుతోని గుణించి చూడు."

వంటింటి బండల మీద సుద్దతోని గుణించిన. 285714. అగో! అవే అంకెలు, చోట్లు మార్చుకొని కూసున్నయి. మూడుతోని 428571. ఆరు దాకా గిదే కథ, గుండ్రంగ తిరుగుడే!

"ఏందే, ఏమన్న మోసమా?"

"ఏడుతోని చూడు."

999999! అన్ని ఒక్కసారే ముసుగేసుకున్నట్టు! ఇసొంటిదాన్ని నమ్మొద్దనిపించింది. కాని శరణమ్మకు ఇదే సరైన జోడి అనుకొని పెట్టేసిన. అందరు ఒకటితోని మొదలుపెడ్తరని నేను నడుమకెళ్లి మొదలుపెట్టిన. ఎంత తెలివో! రోజూ తెర మీద కొంగు కప్పి, అంకెకంకె చదువుకుంట కొట్టేదాన్ని. ముసలితనంల చదువు నేర్చినదాన్ని, నోరు కదిలితేగాని నాకు వేలు కదలదు.

నిన్న పొద్దున సునీత పెనిమిటి ఫోన్ చేసిండు. "అవ్వా, పురిటికి మీ ఇంటికి పంపకముందే కాన్పయింది. ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు. ఫోటో పంపిన, చూడు."

మునిమనవరాలు! సంబురం ఆగక లాక్ కొట్టిన. తప్పు. అంకెలు యాదికున్నయి, వరుస యాదికున్నది, మొదలేదో ఎగిరిపోయింది! 142857... తప్పు. 571428... తప్పు. ఏది కొట్టిన్నో, ఏది కొట్టలేదో అంత కలగాపులగం. ఐదోసారి తప్పు కాంగనే ఫోన్ మొండికేసింది, కాసేపు ఆగుమన్నది. పిల్ల మొహం లోపల, నేను బయట! శరణమ్మనే నంబరు మార్చిందేమో?

అంతల్నే గిన్నె పట్టుకొని రానే వచ్చింది. "ఏమైందవ్వా, కండ్లల్ల నీళ్లు?"

"నా ఫోన్‌ల చెయ్యి పెట్టినవా నువ్వు?"

"నేనెందుకు పెడ్తనవ్వా! ఇటియ్యి." తీసుకొని, ఫోన్ ఆగుమన్న గడువు అయిపోంగనే టకటక కొట్టింది. ఎనిమిది, ఐదు, ఏడు, ఒకటి, నాలుగు, రెండు. తెరుచుకున్నది!

"చూస్తివా! నాకు ముందే తెలుసు, నువ్వు చాటుకు చూస్తవని!"

"అయ్యో అవ్వా, చూసుడెందుకు? కొంగు కప్పుకొని, గోడ అవతలికి వినవడేటట్టు నువ్వే చదువుతవు గద! మా ఆయన షిఫ్టుకు పోయేటప్పుడు గదే పాడుకుంట పోతడు."

ఇద్దరం ఫోటో చూసినం. బిడ్డ రెండు కండ్లు గట్టిగ మూసుకున్నది. నోరు మాత్రం ఊరంత వినవడేటట్టు తెరిచింది.

శరణమ్మ ఇంత పొడుగు నిట్టూర్పు విడిచింది. "అచ్చం నీ పోలికే, అవ్వా!"